తూకపు యంత్రం పక్కన ఒక కుర్చీ

గత సంచికలో పంపుల బేరింగులలో కలిగే కంపనాన్ని కొలిచే పద్ధతిని గురించి ఈ శీర్షికలో ముచ్చటించి ఉన్నాము. అది చదివిన ఒక ఫోర్‌మన్ గారు, పదవీ విరమణకు దగ్గరపడిన పెద్దమనిషి, క్యాంటీనులో మమ్మల్ని ఆపి, "బేరింగుల సంగతి బాగానే రాశారు సార్. వాటిని నడిపే మా మోకాళ్ళ సంగతీ, పొట్టల సంగతీ ఎప్పుడు రాస్తారు?" అని అడిగారు. చుట్టూ ఉన్నవారు నవ్వారు. మేమూ నవ్వాము. అయితే ఆ సమయానికి మా చేతిలో ఉన్నది రెండో బోండా అన్న సంగతి దాచవలసిన పని లేదు.

ఆయన ప్రశ్నకు జవాబు రాయాలని అనుకోవడానికి మరొక కారణం కూడా ఉన్నది. అది నవ్వు పుట్టించేది కాదు.

మా విభాగంలో చాలా కాలం షిఫ్టు ఇన్‌ఛార్జిగా పనిచేసిన ఒక సహోద్యోగికి రెండేళ్ళ క్రితం ఎడమ కాలి వేళ్ళు రెండు తీసివేయవలసి వచ్చింది. అప్పటికి ఆయన వయస్సు 51. సేఫ్టీ బూటు లోపల ఒరుసుకొని పుండు పడింది. షుగరు వల్ల పాదంలో స్పర్శ తగ్గిపోయి ఉండడంతో, అది ముదిరి వాసన వచ్చేదాకా ఆయనకు తెలియలేదు. పట్నంలోని ఆసుపత్రి వారు పాత వైద్య పత్రాలు కావాలంటే, మా టౌన్‌షిప్ డిస్పెన్సరీ నుంచి ఆయన ఫైలు తెచ్చే పని మేమే పెట్టుకున్నాము. కారులో కూర్చొని ఆ ఫైలు తిరగవేశాము. తొమ్మిది సంవత్సరాల వార్షిక వైద్య పరీక్షల నివేదికలు వరుసగా కుట్టి ఉన్నాయి. బరువు 78 కిలోలతో మొదలై ఏటా ఒకటి రెండు కిలోలు పెరుగుతూ 92 దాకా వచ్చింది. పరగడుపు చక్కెర 104, ఆ పైన 109, 112, 118, ఐదో ఏట 127. ప్రతి నివేదిక అడుగునా నీలి సిరాతో ఒకే వాక్యం: "బరువు తగ్గించుకోవలసినదిగా సలహా ఇవ్వడమైనది." ఆ వాక్యం చేత్తో రాసింది కాదు. రబ్బరు ముద్ర.

ఆ తొమ్మిదేళ్ళలోనూ వార్షిక వైద్య పరీక్షకు నూటికి నూరు శాతం హాజరు చూపిన విభాగంగా మాకు మెప్పు దక్కింది. ఆ పట్టిక తయారుచేసి పైకి పంపింది మేమే. ఎవరు వెళ్ళారు, ఎవరు వెళ్ళలేదు అన్నది తప్ప, వెళ్ళినవారికి ఏమి తేలింది అన్న గడి ఆ పట్టికలో లేదు. ఒక బేరింగు ఉష్ణోగ్రత అలా తొమ్మిదేళ్ళపాటు మెట్లు మెట్లుగా పెరుగుతుంటే, దానిని లాగ్ బుక్కులో రాసి ఊరుకున్న ఆపరేటరుకు మేము ఎప్పుడో మెమో ఇచ్చి ఉండేవాళ్ళం. మనిషి విషయంలో ఆ మెమో ఎవరికి ఇవ్వాలి?

డాక్టరు గారికని చటుక్కున అనేయవచ్చు. అది న్యాయం కాదు. మా డిస్పెన్సరీ ఓ.పి. చూసినవారికి ఈ మాట వివరించనక్కరలేదు. జ్వరాలు, దగ్గులు, సిక్ లీవు పత్రాలు, పెద్దాసుపత్రికి రిఫరల్ చీటీలు, తల్లుల చంకల్లో పిల్లలు. ఒక్కొక్కరికి రెండు మూడు నిమిషాలు దక్కితే గొప్ప. ఆ రెండు నిమిషాల్లో ముప్పై ఏళ్ళ తిండి అలవాటును మార్చగల వైద్యుడు ఎక్కడా లేడు. వైద్యులలో చాలామందికి ఆ విషయం చదువులో చెప్పినదీ తక్కువే. లోపం మనిషిలో కాక ఏర్పాటులో ఉన్నది. కొలత ఉన్నది, కొలత తర్వాత చేయవలసిన పని ఎవరి పేరు మీదా లేదు.

ముందుగా కొలతల సంగతి కొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే మన ఇంజనీర్లే ఇక్కడ పొరపడుతున్నారు. బరువును కిలోలలో తీసుకొని, మీటర్లలో ఉన్న ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే అంకెను బి.ఎం.ఐ. అంటారు. పాశ్చాత్యులకు 25 దాటితే అధిక బరువు, 30 దాటితే స్థూలకాయం. మన దేశస్థులకు అంతకంటే తక్కువ బరువులోనే షుగరు, గుండె జబ్బు వస్తున్నాయని గమనించి, ఆసియా వాసుల విషయంలో 23 దగ్గరనే మేలుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2004లో సూచించారు. మన వైద్యులు 2009లో కుదుర్చుకున్న ఏకాభిప్రాయం ప్రకారం 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం. నడుము చుట్టుకొలత పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటరాదు. మా ఎత్తు 168 సెంటీమీటర్లు, ఆనాటి బరువు 79 కిలోలు. భాగించి చూడగా సరిగ్గా 28 వచ్చింది. "కొంచెం ఒళ్ళు చేశారు" అని బంధువులు మర్యాదగా అంటూ వచ్చిన దానికి లెక్కలో పేరు స్థూలకాయమే.

నడుము విషయంలో మరొక మోసం ఉన్నది. మన ప్యాంటు కొలత 34 అంగుళాలే కదా అని మేము చాలా కాలం ధీమాగా ఉన్నాము. పొట్ట పెరిగే కొద్దీ ప్యాంటు దాని కిందికి జారుతుందే తప్ప కొలత మారదు. టేపు పెట్టవలసిన చోటు చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడుమ. అక్కడ పెట్టి చూస్తే మాది 99 సెంటీమీటర్లు.

ఇది మా ఒక్కరి సంగతీ, మా టౌన్‌షిప్ ఒక్కదాని సంగతీ కాదు. భారత వైద్య పరిశోధన మండలి అండతో దేశమంతటా జరిగిన సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. మధుమేహం ఉన్నవారు 10 కోట్ల 10 లక్షలు, దాని గుమ్మంలో నిలబడినవారు 13 కోట్ల 60 లక్షలు అని అందులో అంచనా వేశారు. పొట్ట దగ్గర కొవ్వు పేరుకున్నవారు నూటికి దాదాపు 40 మంది. ఇందరిని పెద్దాసుపత్రుల నిపుణుల దగ్గరికి పంపడం అయ్యే పని కాదు. ఏమైనా చేస్తే ఇంటికి దగ్గరలో ఉన్న చిన్న దవాఖానాలోనే చేయాలి. ఆ చిన్న దవాఖానాలో అది సాధ్యమేనా అన్నది అసలు ప్రశ్న. సాధ్యమేనని చూపిన తొలి పెద్ద ఉదాహరణ మనవంటి ఒక పారిశ్రామిక పట్టణంలోనే దొరికింది. అందుచేత దాని గురించి కొంచెం వివరంగా చెబుతాము.

ఈశాన్య చైనాలో దాచింగ్ అనే నగరం ఉన్నది. 1959లో అక్కడ చమురు బయటపడింది. బీడు నేలలో పుట్టిన ప్రభుత్వ చమురు క్షేత్రం చుట్టూ ఊరు పెరిగింది. పరిశ్రమలలో దాచింగ్‌ను చూసి నేర్చుకోండి అని ఆ దేశంలో ఒకప్పుడు నినాదమే ఉండేది. 1986లో ఆ నగరంలోని 33 ఆరోగ్య కేంద్రాల పరిధిలో 1,10,660 మందిని పరీక్షించారు. వారిలో చక్కెర మామూలుకంటే ఎక్కువగా ఉండి, ఇంకా మధుమేహం అనే స్థాయికి చేరని 577 మందిని ఎంచుకున్నారు. ఇక్కడ పరిశోధకులు ఒక తెలివైన పని చేశారు. మనుషులకు చీటీలు వేయలేదు, దవాఖానాలకు వేశారు. కొన్ని దవాఖానాలలో తిండి మార్పు, కొన్నింటిలో వ్యాయామం, కొన్నింటిలో రెండూ, మిగిలినవాటిలో మామూలు వైద్యం. అంటే, పరీక్షకు పెట్టింది మందును కాదు, దవాఖానా పనిచేసే తీరును.

వారు చెప్పినది ఏమంత వింత కాదు. బరువు ఎక్కువ ఉన్నవారు నెలకు అర కిలో నుంచి ఒక కిలో వరకు తగ్గాలి. కూరగాయలు పెంచాలి, తీపి, మద్యం తగ్గించాలి. వ్యాయామానికి ఒక చక్కని కొలమానం పెట్టారు. అరగంట నెమ్మది నడక, ఇరవై నిమిషాల వేగపు నడక, పది నిమిషాల మెల్లని పరుగు, ఐదు నిమిషాల తాడాట, వీటిలో ఏదైనా ఒక యూనిట్. ఇప్పుడు చేస్తున్నదానికి అదనంగా రోజుకు ఒక యూనిట్ చేయాలి, యాభై ఏళ్ళలోపు ఆరోగ్యంగా ఉన్నవారు రెండు. పిల్లలకు సైతం అర్థమయ్యే లెక్క. అయితే మా దృష్టిని ఆకర్షించినది ఆ లెక్క కాదు, కలుసుకునే షెడ్యూలు. డాక్టరు ఒక్కొక్కరితో విడిగా మాట్లాడడమే కాక, చిన్న చిన్న బృందాలుగా మొదటి నెల వారం వారం, తర్వాత మూడు నెలలు నెల నెలా, ఆ పైన మూడు నెలలకొకసారి కూర్చోబెట్టారు. అలా ఆరేళ్ళు.

ఆరేళ్ళ తర్వాత చూడగా, మామూలు వైద్యం పొందిన దవాఖానాలలో నూటికి 68 మందికి మధుమేహం వచ్చింది. మిగిలిన మూడు రకాల దవాఖానాలలోనూ ఆ సంఖ్య 41 నుంచి 46 మధ్య నిలిచింది. 1992లో కార్యక్రమం ముగిసినా ఆ మనుషులను వదలకుండా గమనిస్తూ వచ్చారు. ముప్పై ఏళ్ళ లెక్క 2019లో అచ్చయింది. శ్రద్ధ తీసుకున్న దవాఖానాల వారికి మధుమేహం దాదాపు నాలుగేళ్ళు ఆలస్యంగా వచ్చింది, గుండె, రక్తనాళాల జబ్బులతో మరణాలు మూడో వంతు తగ్గాయి, ఆయుర్దాయం సుమారు ఏడాదిన్నర పెరిగింది. ఏడాదిన్నర అంటే పెదవి విరిచేవారు ఉంటారు. ఒక తూకపు యంత్రం, ఒక గది, ఒక పద్ధతి తప్ప ఖరీదైన సామగ్రి ఏదీ లేకుండా వచ్చిన ఏడాదిన్నర అది.

మన దేశంలో సరిపోతుందా అన్న సందేహానికి చెన్నైలో జవాబు దొరికింది. డాక్టర్ ఎ. రామచంద్రన్ గారి బృందం ఉద్యోగాలు చేసుకునే మధ్యతరగతి వారిలోంచి 531 మందిని తీసుకొని మూడేళ్ళు గమనించింది. ఫలితాలు 2006లో వచ్చాయి. తిండి, నడకల విషయంలో క్రమం తప్పక సలహా, పలకరింపు పొందినవారిలో మధుమేహం దాదాపు 28 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ మాత్ర ఇచ్చినవారిలోనూ ఇంచుమించు అంతే. రెండూ కలిపినా అదనంగా ఒరిగింది లేదు. పైగా వీరి బరువు చెప్పుకోదగినంతగా తగ్గనేలేదు. తూకంలో ముల్లు కదలకపోయినా లోపల మేలు జరుగుతుందన్న మాట నిరుత్సాహపడేవారికి తప్పక చెప్పాలి. అమెరికాలో 2002లో వెలువడిన పెద్ద అధ్యయనంలో ఈ తగ్గుదల 58 శాతం. అక్కడ ఒక్కొక్కరికి ఒక శిక్షకుడిని అప్పగించారు. మనకు అంత స్తోమత లేదు కనుక దానిని అక్కడే వదిలేద్దాం.

ఇక బ్రిటన్ అనుభవం. అక్కడ ప్రతి కుటుంబానికీ ఒక దగ్గరి దవాఖానా ఉంటుంది, ఏ జబ్బయినా మొదట అక్కడికే వెళ్ళాలి. మా డాక్టరు గారికి చూపించడానికి దాచుకున్న ఉదాహరణ ఒకటి ఆ దేశంలో ఉన్నది. 2016లో ప్రచురితమైన ఆ ప్రయోగంలో 137 మంది వైద్యులు, వేరే పని మీద వచ్చిన 1,882 మంది స్థూలకాయులతో అర నిమిషం పాటు బరువు మాట ఎత్తారు. సగం మందికి "బరువు తగ్గితే మీ ఆరోగ్యానికి మంచిది" అన్న సలహా మాత్రమే. మిగిలిన సగానికి పన్నెండు వారాల ఉచిత తరగతిలో చేరే అవకాశం చూపి, చేరుతామన్న వారి పేరు అక్కడికక్కడే నమోదు చేయించారు. ఏడాది తర్వాత మొదటి వారు సగటున ఒక కిలో తగ్గితే, రెండో వారు 2.4 కిలోలు తగ్గారు. డాక్టరు బరువు మాట ఎత్తడం అనుచితమన్నవారు నూటికి ఒకరు కూడా లేరు. మన రబ్బరు ముద్రకూ, ఒక నమోదు చీటీకీ ఉన్న తేడా ఇదే. డాక్టరు నుంచి కోరవలసింది అర నిమిషమే, అయితే ఆ అర నిమిషం తర్వాత రోగి వెళ్ళడానికి ఒక చోటు ఉండాలి.

అదే దేశంలో 2017 చివర వెలువడిన మరొక అధ్యయనం ఇంకా ముందుకు పోయింది. స్కాట్లండు, టైన్‌సైడ్ ప్రాంతాలలోని 49 దవాఖానాలలో, షుగరు వచ్చి ఆరేళ్ళు దాటని సుమారు 300 మందిని తీసుకున్నారు. సగం మందికి మూడు నుంచి ఐదు నెలల పాటు రోజుకు దాదాపు 850 కిలో కేలరీల ద్రవాహారం మాత్రమే ఇచ్చి, ఆ తర్వాత మెల్లమెల్లగా మామూలు తిండికి తెచ్చి, నెల నెలా పలకరించారు. ఏడాది తిరిగేసరికి ఈ సగంలో నూటికి 46 మంది మాత్రలు లేకుండానే మధుమేహపు గీత కిందికి వచ్చారు. మామూలు వైద్యంలో అలా వచ్చినవారు నూటికి నలుగురు. ఈ పని చేయించినది నిపుణులు కాదు, ఆ దవాఖానాల నర్సులూ, ఆహార నిపుణులూ. వారికి ఇచ్చిన శిక్షణ మొత్తం ఎనిమిది గంటలు. మన ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవరుకు అంతకంటే ఎక్కువే ఇస్తాము.

ఇక్కడ రెండు మాటలు దాచకుండా చెప్పాలి. మొదటిది, ఇంత కఠినమైన పథ్యం వైద్యుని పర్యవేక్షణ లేకుండా ఎవరూ తలపెట్టరాదు. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు సొంతంగా తిండి మానేస్తే చక్కెర పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. రెండోది, రెండేళ్ళకు ఆ 46 కాస్తా 36 అయింది, ఐదేళ్ళకు చాలామందికి బరువు కొంత తిరిగి వచ్చింది. శరీరం పోయిన బరువును తిరిగి కోరుకుంటుంది, ఆకలి పెంచుతుంది, ఖర్చు తగ్గించుకుంటుంది. "కేలరీలు లోపలికి, కేలరీలు బయటికి" అన్న బాయిలరు లెక్క మేము చాలామందికి చెప్పాము. ఆ లెక్క తప్పు కాదు, కాని బాయిలరుకు ఆకలి ఉండదు. అందుచేత ఇది ఒక్కసారి చేసి మూసివేసే ఓవర్‌హాల్ వంటిది కాదు. 2025లో మన మార్కెట్‌లోకి వచ్చిన బరువు తగ్గించే ఇంజెక్షన్ల సంగతీ అంతే. అవి బాగానే పనిచేస్తాయి, అవసరమైనవారికి డాక్టర్లు రాస్తారు. ఆపితే చాలామందికి బరువు మళ్ళీ పెరుగుతుంది. కనుక ఆ దారిలోనూ క్రమం తప్పక చూసేవారు ఒకరు కావాలి.

ప్రభుత్వం వైపు చూస్తే, గ్రామాలలో ఈ పనికి పునాది పడి ఉన్నది. 2010లో మొదలైన అసాంక్రామిక వ్యాధుల జాతీయ కార్యక్రమం కింద ముప్పై దాటిన వారందరికీ బి.పి., షుగరు పరీక్షలు చేయవలసి ఉన్నది. ఆశా కార్యకర్త ఇంటింటికీ తీసుకువెళ్ళే పత్రంలో వయస్సు, పొగాకు, మద్యం, శ్రమ, కుటుంబ చరిత్రలతో పాటు నడుము చుట్టుకొలతకు కూడా మార్కులు ఉన్నాయి. మొత్తం నాలుగు దాటితే పరీక్షకు ముందుగా పంపాలి. ఇప్పుడు ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాలని పిలుస్తున్న కేంద్రాలకు ఈ పత్రాలు చేరుతాయి. నడుముకు టేపు చుట్టే పని ఒక గ్రామీణ మహిళ చేతికి ఇవ్వడం చాలా మంచి ఆలోచన. అయితే, జబ్బు తేలినవారికి మాత్రలు ఇచ్చే దారి ఉన్నంత స్పష్టంగా, జబ్బు ఇంకా రాక నడుము మాత్రం పెరిగినవారికి ఎవరు ఏ రోజున ఏమి చేయాలన్న దారి లేదని మా అభిప్రాయం. లావుగా ఉండడాన్ని జబ్బుగా కాక, హాస్యంగానో, కలిమిగానో చూసే సమాజంలో ఆ దారి తనంతట తాను ఏర్పడదు.

మళ్ళీ మా టౌన్‌షిప్‌కు వద్దాము. సహోద్యోగి ఫైలు తిరిగి ఇవ్వడానికి వెళ్ళినప్పుడు మేము డిస్పెన్సరీలోని సీనియరు సిస్టరు గారితో ఈ బాధ చెప్పుకున్నాము. ఆమె కాసేపు విని, "సార్, ముద్ర వేసింది నేనే. వేసేటప్పుడల్లా, వీళ్ళు మళ్ళీ ఏడాదికి గాని కనపడరు కదా అనుకునేదాన్ని" అన్నారు. తర్వాత తూకపు యంత్రం వైపు చూపించారు. అది వరండాలో, మందుల కిటికీ ఎదురుగా ఉండేది. వరుసలో నిలబడిన నలభై మంది ముందు యంత్రం ఎక్కి, పక్కవాడు అంకె చదివి గట్టిగా చెబుతుంటే వినాలి. "ఆడవాళ్ళు ఎవరూ ఎక్కరు సార్" అన్నారామె. ముప్పై ఏళ్ళుగా ప్లాంటు లేఅవుట్లు గీస్తున్న మాకు ఆ మాట ఎన్నడూ తట్టలేదు.

డాక్టరు గారి అనుమతితో యంత్రాన్ని డ్రెస్సింగ్ గదిలోకి మార్చారు. తెర కట్టారు. పక్కన ఒక కుర్చీ, ఒక టేపు, ఒక పొడుగు రిజిస్టరు. మంగళవారం, శుక్రవారం సాయంత్రం గంటసేపు. డాక్టరు గారు చేయవలసిందల్లా, ఓ.పి.లో ముద్రకు బదులు ఒక చీటీ మీద తేదీ రాసి ఇవ్వడం. ఆ కుర్చీలో మొదట కూర్చున్నది మేమే అని చెప్పుకోవాలని ఉన్నది గాని, నిజానికి కూర్చున్నది మా ఇంటి ఆవిడ. మనుమరాలి జ్వరానికి మందు కోసం వెళ్ళి, నడుము కొలిపించుకొని, 94 సెంటీమీటర్లని చీటీతో వచ్చారు. వార్షిక వైద్య పరీక్ష ఉద్యోగులకే గాని ఇల్లాళ్ళకు లేదు కదా. ఇరవై ఏడేళ్ళుగా ఈ టౌన్‌షిప్‌లో ఉంటూ ఆమె నడుమును ఎవరూ కొలిచి ఎరుగరు. ఇంటిల్లిపాదికీ వండేది ఆమె. మారవలసిన వంటగదిని వదిలి, క్యాంటీనులో పోస్టర్లు అంటించడం ఏ తర్కమో మేము ఇప్పటికీ ఆలోచిస్తున్నాము.

మొదటి నెల ఉత్సాహంగా చాలామంది వచ్చారు. వానలు పడేసరికి సగానికి సగం మాయమయ్యారు. అప్పుడు సిస్టరు గారు చేసిన పనే ఈ ఏర్పాటుకు ప్రాణం పోసిందని మా నమ్మకం. రానివారికి ఫోను చేయడం మొదలుపెట్టారు. మందలింపు లేదు. "వచ్చే మంగళవారం వస్తారా? బరువు పెరిగినా సరే రండి" అనేవారట. బరువు పెరిగింది కనుకనే రాకుండా తప్పించుకుంటున్నవారు ఆ మాటతో తిరిగి వచ్చారు. మేమూ వారిలో ఒకరమే. సంక్రాంతి తర్వాత మూడు వారాలు ముఖం చాటేసి, అరిసెల ఫలితంగా పెరిగిన కిలోన్నరతో మళ్ళీ కుర్చీలో కూర్చున్నాము. ఆమె ఏమీ అనకుండా అంకె రాసుకొని, "రాత్రి అన్నం ఎన్నిసార్లు వడ్డించుకుంటున్నారు సార్?" అని అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు మాకు తెలుసు. అంతకు ముందు ఎవరూ అడగలేదు.

తిండి గురించి ఆమె చెప్పేది హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన సూచనలకు దగ్గరగా ఉంటుంది. రోజు మొత్తం శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం దాటకూడదని వారి మాట. మన కంచంలో అన్నం వాటా ఎంతో పాఠకులే అంచనా వేసుకోవచ్చు. అన్నం మానమని ఆమె ఎవరికీ చెప్పరు. ముందు కూర, పప్పు వడ్డించుకొని, మిగిలిన చోట అన్నం పెట్టుకోమంటారు. నైట్ షిఫ్టు వారి సంగతే కష్టం. తెల్లవారుజామున రెండు గంటలకు క్యాంటీనులో దొరికేది పూరీ, లేకపోతే సమోసా. ఉడికించిన శనగలు, మజ్జిగ పెట్టించాలని క్యాంటీను కమిటీకి రాశాము. శనగలు వారం రోజులు వచ్చాయి, తర్వాత ఆగిపోయాయి. అడిగితే గ్యాసు ఖర్చు అన్నారు. పూరీకి కాని గ్యాసు శనగలకే ఎలా అవుతుందో మాకు అర్థం కాలేదు. మళ్ళీ రాశాము.

ఏడాది గడిచింది. మా బరువు 79 నుంచి 74కు వచ్చింది, నడుము 93. ఇంకా గీత పైనే ఉన్నాము. మా ఆవిడ మాకంటే ముందున్నారు, ఆ విషయం రోజూ గుర్తుచేస్తారు. బరువు ఏమీ తగ్గనివారు కూడా ఆ రిజిస్టరులో ఉన్నారు. సహోద్యోగి ఇప్పుడు స్టోర్సులో తేలికపాటి పని చేస్తున్నారు. శుక్రవారాలు ఆయనా వస్తారు. తూకానికి మాత్రమే కాదు, కొత్తగా చేరినవారి బూట్లు విప్పించి పాదాలు చూసుకోవడం నేర్పుతారు. ఆయన చెబితే వింటారు.

ఒక చిక్కు మిగిలి ఉన్నది. సిస్టరు గారు వచ్చే మార్చి నెలాఖరుకు పదవీ విరమణ చేస్తున్నారు. ఆ గంట సేపు పని ఆమె విధుల పట్టికలో ఎక్కడా లేదు, తన ఇష్టం కొద్దీ చేశారు. కనుక ఆమె తర్వాత వచ్చేవారు చేయాలన్న నియమమూ లేదు. ఆ పనిని డిస్పెన్సరీ విధులలో చేర్చాలనీ, వారానికి రెండు గంటలు ఒక నర్సుకు కేటాయించాలనీ, ఉద్యోగుల కుటుంబ సభ్యులకు కూడా వర్తింపజేయాలనీ, విభాగాల వార్షిక పట్టికలో హాజరు శాతం పక్కన "తదుపరి కలిసినవారు" అన్న గడి చేర్చాలనీ కోరుతూ మేమూ, డాక్టరు గారూ కలిసి సిబ్బంది విభాగానికి నోట్ పెట్టాము. అది రెండు బల్లలు దాటి మూడో బల్ల మీద ఉన్నదని తెలిసింది. ఆ బల్ల దగ్గర కూర్చునే అధికారి ఈ పత్రిక చదువుతారని విన్నాము. వారికి ఒక మనవి: మంగళవారం సాయంత్రం ఐదు గంటలకు డ్రెస్సింగ్ గది తెరచి ఉంటుంది, టేపు అక్కడే ఉంటుంది.